రంగు నిండింది, పాఠం నిండిందా?

పోయిన ఏడాది సోషల్‌లో భారతదేశపు నేలల పటానికి రంగులు వేసుకొని రమ్మన్నారు. ఆదివారం పొద్దున కూర్చున్నదాన్ని మధ్యాహ్నం అన్నానికి లేచినాను. దక్కన్‌లోని నల్లరేగడికి బూడిద రంగు, గంగా మైదానంలోని ఒండ్రునేలకు పసుపు, మన వైపు ఎర్రనేలకు ఇటుక రంగు వేసినాను. గీత దాటి ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. నోటులో 'వెరీ గుడ్' వచ్చింది, పక్కనే ఒక నక్షత్రం. అమ్మ ఆ పేజీని ఇంటికి వచ్చినోళ్లకంతా చూపించింది.

రెండు వారాలకు యూనిట్ టెస్టు వచ్చింది. దక్కన్ పీఠభూమిలో నల్లరేగడి ఎందుకు ఎక్కువగా ఉందో రాయమన్నారు. ఆ బూడిద రంగు నాకు బాగా గుర్తుంది. దాన్ని ఎంత చక్కగా పూసినానో కూడా గుర్తుంది. కారణం మాత్రం గుర్తు లేదు. ఎప్పుడో పారిన లావా గట్టిపడి బసాల్టు రాయి అయింది, ఆ రాయి అరిగి అరిగి నల్లమట్టి అయింది అని రాయాల్సింది. మూడు గంటలు ఆ నేల మీద పెన్సిలు నడిపినాను గానీ, దాని కింద ఏముందని ఒక్కసారైనా అడగలేదు. అంతకన్నా సిగ్గు పడింది ఇంట్లో. "అక్కా, మన సామల్పట్టి ఏ రంగులో ఉంది?" అని తమ్ముడు అడిగితే, వేసిన నేనే పేజీ తిరగేసి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు ఒక అనుమానం పట్టుకుంది. పెద్ద తరగతుల్లో రంగులు వేయించడం నిజంగా చదువేనా, లేక చదివినట్టు కనిపించే పనా? ఈ వ్యాసంలో దాన్నే పరీక్షించాలనుకుంటున్నాను. నాకు రంగులంటే కోపం లేదు, ముందే చెబుతున్నాను.

ఈ విషయంలో రెండు మాటలు వినబడుతుంటాయి. మొదటిది ఇంట్లో పెద్దలది: "పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చినాయి, ఇంకా ఈ రంగులేంది? ఆ టైములో నాలుగు ప్రశ్నలు చదువుకోరాదా?" రెండోది బడిలో వినబడే మాట: "రంగులేస్తే పిల్లలకు బాగా గుర్తుంటుంది, మనసు కుదురుతుంది." మొదటి మాటలో తొందర ఉంది. రెండో మాటలో నమ్మకం ఉంది గానీ, రంగు వేస్తే ఏది గుర్తుంటుంది, ఎట్లా గుర్తుంటుంది అనే వివరం లేదు. ఆ వివరం కోసం కొన్ని ప్రయోగాలను చూద్దాం.

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే ఆమె చేసిన ప్రయోగం 2009లో వెలువడింది. 40 మందికి విసుగు పుట్టించే ఒక ఫోను సందేశాన్ని వినిపించారు. అందులో సగం మందికి గుండ్రాలు, చతురస్రాలు అచ్చువేసిన కాగితం ఇచ్చి, వింటూనే వాటిని పెన్సిలుతో నింపమన్నారు. మిగిలినవాళ్లు ఊరికే విన్నారు. తర్వాత అడిగితే, నింపినవాళ్లు 29 శాతం ఎక్కువ విషయాలు చెప్పగలిగారు. చేతికి చిన్న పని ఉంటే మనసు ఎక్కడెక్కడికో పరుగెత్తకుండా ఉంటుందని దీన్ని బట్టి అనుకోవచ్చు.

'చూసినారా, రంగులేస్తే గుర్తుంటుంది' అని వెంటనే అనేయకూడదు. అక్కడ వాళ్లు వింటూ నింపినారు. గుర్తున్నది విన్న మాటలు, నింపిన గుండ్రాలు కాదు. నేను ఆదివారం ఒంటరిగా కూర్చొని రంగులేసినప్పుడు వినడానికి పాఠమే లేదు. చేతికి పని దొరికింది, చెవికి ఏమీ దొరకలేదు. ఈ ప్రయోగం మనకేమైనా నేర్పిస్తే అది ఇదే: రంగుల పనిని ఇంటికి పంపకుండా తరగతిలో పెట్టండి, సార్ పాఠం చదివి వినిపిస్తుంటే పిల్లలు ఆ పాఠపు బొమ్మకే రంగు వేయనీండి.

ఇక మనసు కుదరడం సంగతి. అమెరికాలోని నాక్స్ కాలేజీలో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ అనే ఇద్దరు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు కొంచెం ఆందోళన కలిగించి, తర్వాత కొందరికి మండలం బొమ్మ, కొందరికి గళ్ల బొమ్మ, కొందరికి ఖాళీ కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. మండలం, గళ్లు నింపినవాళ్లకు ఆందోళన ఎక్కువగా తగ్గింది. మన ఇళ్లల్లో సంక్రాంతికి చుక్కల ముగ్గులో రంగులు నింపేటప్పుడు అమ్మలు, అక్కలు ఎంత నిమ్మళంగా ఉంటారో చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. పబ్లిక్ పరీక్షకు ముందు చేతులు వణికే పిల్లలకు పది నిమిషాలు అట్లాంటి పని ఇస్తే మంచిదే. కానీ అది నిమ్మళానికి మందు. పాఠం నేర్పించే పని దానికి అప్పజెప్పకూడదు. భయం తగ్గిన పిల్ల చదవగలదు, నిజమే. అయినా చదవాల్సింది ఇంకా మిగిలే ఉంటుంది.

మూడో ప్రయోగం నాకు అన్నిటికన్నా నచ్చింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన దాంట్లో, కొన్ని మాటలు ఇచ్చి కొన్నిటిని మళ్లీ మళ్లీ రాయమన్నారు, కొన్నిటికి బొమ్మ గీయమన్నారు. బొమ్మ గీసిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ బాగుందా, బాగలేదా అన్నది ముఖ్యం కాలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. 'రైలు' అనే మాటకు బొమ్మ గీయాలంటే రైలుకు ఏముంటాయో మనమే తలుచుకోవాలి. అచ్చువేసిన రైలుకు రంగు పూయాలంటే ఏమీ తలుచుకోనక్కర్లేదు. ఆలోచన అంతా అచ్చువేసినవాళ్లే చేసి పెట్టినారు. మనకు మిగిలింది కూలి పని.

నా వాదం ఇక్కడ తేలుతుంది. రంగు ఒక ప్రశ్నకు జవాబుగా పడితే అది చదువు. ఎక్కడ ఏ రంగు అని నేను ఆలోచించి తేల్చుకోవాలి, తప్పు వేస్తే అది తప్పని కనిపించాలి, ఎందుకు వేశావని అడిగితే చెప్పగలగాలి. ఈ మూడూ లేని రంగు ఎంత అందంగా ఉన్నా కాలక్షేపమే.

ఇది చిన్నపిల్లల విషయం కాదని చూపడానికి ఒక పెద్దమనిషి కథ చెబుతాను. ఇంగ్లండులో విలియం స్మిత్ అనే కమ్మరి కొడుకు ఉండేవాడు. భూములు కొలిచే పని, కాలువలు తవ్వించే పని చేసేవాడు. తవ్విన చోటల్లా రాతి పొరలు ఒకే వరుసలో రావడం, ఒక్కో పొరలో ఒక్కో రకం శిలాజాలు ఉండడం గమనించినాడు. 1815లో ఇంగ్లండు, వేల్స్ దేశాల భూగర్భ పటం అచ్చు వేయించినాడు. ఎనిమిది అడుగుల పైన ఎత్తున్న పటం అది. అచ్చులో గీతలే వచ్చేవి, రంగులు ప్రతి కాపీకీ చేత్తో వేయాలి. ఒక్కో రాతి పొరకు ఒక్కో రంగు. పొర అడుగు అంచు దగ్గర ఆ రంగునే ముదురుగా వేయించినాడు, ఏ పొర ఏ పొర మీద కూర్చుందో చూడగానే తెలియాలని. ఆ ముదురు అంచు అందం కోసం కాదు. అదొక జవాబు. ఆ రంగుల పటాన్ని చూసి జనం నేల లోపల ఏముందో చదవడం నేర్చుకున్నారు.

ఈ కథ సామల్పట్టి పిల్లలకు పరాయిది కాదు. రాళ్లను చదివే శాస్త్రవేత్తలకు మన ఊరి పేరు బాగా తెలుసు. జోలార్‌పేట-సేలం దారిలో రైలు ఆగే చిన్న స్టేషనుగా మనకు తెలిసిన సామల్పట్టి, వాళ్ల పుస్తకాల్లో కార్బొనటైట్ రాయి దొరికే చోటుగా ఉంటుంది. కార్బొనటైట్ అంటే సున్నపురాయిలాగా కార్బొనేట్లతో నిండి ఉండి కూడా, భూమి లోపలి ద్రవం చల్లబడి ఏర్పడిన అరుదైన రాయి. దాంతోపాటు ఇక్కడ సైయనైట్, పైరాక్సినైట్, డ్యూనైట్ అనే రాళ్లూ ఉన్నాయి. భూగర్భ పటాల్లో వీటికి వేర్వేరు రంగులు ఉంటాయి. మనం మాత్రం దేశం పటంలో మన జిల్లా మీద ఒకే ఇటుక రంగు పూసి, పక్క పేజీకి పోయినాం. బడి చుట్టూ ఒక కిలోమీటరు నడిచి, ఎక్కడ ఎర్రమట్టి, ఎక్కడ రాతిబండ, ఎక్కడ చెరువు వండలి, ఎక్కడ మామిడి తోట అని చూసి, మనమే ఒక పటం గీసి మనమే రంగులు నిర్ణయిస్తే ఎట్లా ఉంటుంది? ఆ పటానికి గైడులో జవాబు దొరకదు. కాపీ కొట్టడానికి వీలుండదు.

లెక్కల్లో కూడా రంగుకు చోటుంది. 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ అనే విద్యార్థి ఇంగ్లండు కౌంటీల పటానికి రంగులేస్తూ ఒక సంగతి కనిపెట్టినాడు. సరిహద్దు పంచుకునే రెండు భాగాలకు ఒకే రంగు పడకుండా ఉండాలంటే నాలుగు రంగులు చాలు అనిపించింది. ఎంత చిక్కు పటమైనా నాలుగే చాలునా? ఈ చిన్న ప్రశ్న 124 ఏళ్లు లెక్కల పండితులను తిప్పలు పెట్టింది. చివరికి 1976లో అమెరికాలో కెన్నెత్ అప్పెల్, వోల్ఫ్‌గాంగ్ హాకెన్ కంప్యూటరు సాయంతో చాలునని నిరూపించినారు.

ఇది చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెన్సిలు తీసుకొని ఇప్పుడే చేసి చూడండి. మొదట దక్షిణాది ఐదు రాష్ట్రాలు. కర్ణాటక మిగిలిన నాలుగింటికీ ఆనుకొని ఉంది కాబట్టి దాని రంగు ఇంకెవరికీ రాకూడదు. కర్ణాటకకు పసుపు, తమిళనాడుకు ఆకుపచ్చ, కేరళకు ఎరుపు, ఆంధ్రప్రదేశ్‌కు ఎరుపు, తెలంగాణకు ఆకుపచ్చ వేయండి. మూడు రంగులతో అయిపోయింది. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ దగ్గరికి రండి. దాని చుట్టూ మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, మొత్తం ఏడు రాష్ట్రాలు చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడినట్టు ఉన్నాయి. రెండు రంగులను ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పోండి. ఏడు బేసి సంఖ్య కాబట్టి చివరిది మొదటిదాన్ని తాకేచోట చిక్కుపడుతుంది. ఆ చుట్టుకు మూడో రంగు కావాలి, మధ్యలోని ఛత్తీస్‌గఢ్‌కు నాలుగోది కావాలి. అదే ఆరు రాష్ట్రాలు ఉంటే చుట్టూ రెండు రంగులే సరిపోయేవి. సరి, బేసి తేడా పటంలో కూర్చొని మనల్ని వెక్కిరిస్తుంది.

ఈ పని చేసేటప్పుడు ఏ రాష్ట్రం పక్కన ఏ రాష్ట్రం ఉందో నేను బట్టీ పట్టలేదు. అయినా మర్చిపోలేదు. ఉత్తరప్రదేశ్‌కు, జార్ఖండ్‌కు సరిహద్దు ఉందా లేదా అని పటం మీద వేలు పెట్టి వెతికినాను. రంగు తప్పితే పటమే చెబుతుంది, ఎర్రపెన్ను అక్కర్లేదు. పదిహేనేళ్ల వాళ్లకు ఇది చిన్నతనంగా అనిపించదు. రంగుల పెట్టె చూసి మొహం తిప్పుకునే వెనక బెంచీ అన్నలు కూడా నాలుగో రంగు తప్పించడానికి పందెం వేసుకున్నారు.

మన రాష్ట్రానికి ఈ పద్ధతులు కొత్తవి కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పల్లె బడుల కోసం తయారైన కార్డుల పద్ధతిని చూసి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో పనుల ద్వారా చదువు మొదలుపెట్టినారు. 2007-08లో అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. పై తరగతులకు ఇంకో పద్ధతి వచ్చింది. అందులో పాఠం చదివి, కష్టమైన మాటల కింద గీత గీసి, పాఠాన్ని మనోపటంగా గీసి, తర్వాత దాని గురించి జట్టులో మాట్లాడుకోవాలి. మనోపటం అంటే పాఠం పేరు మధ్యలో రాసి, అందులోంచి కొమ్మలు కొమ్మలుగా విషయాలు గీయడం. ఒక్కో కొమ్మకు ఒక్కో రంగు.

ఆలోచన గొప్పది. పాఠాన్ని ఎవరు చదివితే వాళ్లే కొమ్మలు విడదీయాలి, అదే దాని ప్రాణం. కానీ పనిలో ఏమవుతుంది? ఒకరు బోర్డు మీద గీస్తారు, నలభై మంది దాన్నే దించుకుంటారు, రంగులు మాత్రం ఎవరికి నచ్చినవి వాళ్లు వేసుకుంటారు. నలభై నోట్లలో ఒకే చెట్టు, నలభై రకాల రంగులు. నేనూ అట్లా దించుకున్నదాన్నే. ప్రాణం పోయి రంగు మిగిలింది. తప్పు పద్ధతిది అనను. అందంగా ఉన్న నోటుకు మార్కులు వేసినన్నాళ్లు మేము అందమే తెచ్చి ఇస్తాం.

అందానికి మార్కులు వేస్తే ఇంకో అన్యాయం కూడా ఉంది. ఇరవై నాలుగు రంగుల పెట్టె ఉన్నవాళ్ల పటం మెరుస్తుంది. అరిగిన మూడు ముక్కలతో వచ్చినవాళ్ల పటం వెలవెలబోతుంది. ఇద్దరి తెలివీ ఒకటే కావచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని పిల్లలూ ఉంటారు. వాళ్లలో మగపిల్లలే ఎక్కువ, ఎందుకో జీవశాస్త్రంలో ఎక్స్ క్రోమోజోమ్ దగ్గర చదువుకుంటాం. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు కూడా అట్లాగే ఉండేది, ఆయనే 1794లో తన చూపు గురించి రాసినాడు. ఆయన మన తరగతిలో ఉంటే నేలల పటానికి నక్షత్రం వచ్చేది కాదు! రంగుతోపాటు చుక్కలు, అడ్డగీతలు, నిలువు గీతలు వేయనిస్తే ఈ రెండు కష్టాలూ తీరుతాయి.

చివరగా, తెలుగు మీడియం పిల్లలకు మాత్రమే ఉన్న ఒక సంగతి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత మా వంటి బడుల్లోనూ తమిళం పాఠంగా చదువుతున్నాం. బయట బస్సు, బజారు, ఆఫీసు అన్నీ తమిళమే. కాలేజీకి పోతే ఇంగ్లీషు. ఒకే మట్టి మాకు నల్లరేగడి, కరిసల్ మణ్, బ్లాక్ సాయిల్. ఎర్రనేల అంటే సెమ్మణ్, ఒండ్రునేల అంటే వండల్ మణ్. ఆ వండల్ అనే మాట విని అవ్వ, "మనం కూడా వండలి అనే కదా అంటాం" అనింది. నాకు ఆ రోజే ఆ రెండు మాటలూ చుట్టాలని తెలిసింది.

రంగు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. మూడు భాషల మాటలను ఒక రంగు ఒకచోట కట్టిపడేస్తుంది. పటసూచికలో ఒక్క గడికి రంగు వేసి, పక్కన మూడు పేర్లూ రాస్తే, ఏ భాషలో అడిగినా ఆ గడి గుర్తొస్తుంది. అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. రంగుకు భాష అక్కర్లేదు కాబట్టి, మాట రాని పిల్లలు రంగు వెనక దాక్కోవచ్చు. నేను దాక్కున్నాను. పటం నిండితే చాలు, వాక్యం రాయక్కర్లేదు అనుకున్నాను. మన భాషలో చదివే బడులు తక్కువ, చదివే పిల్లలు ఇంకా తక్కువ. అట్లాంటి చోట ఒక్క కారణాన్ని కూడా తెలుగులో రాయకుండా పేజీ నిండిపోతే, పోయేది ఒక మార్కు మాత్రమే కాదు. ఆ వాక్యం రాయడం మనకు ఇంకెవరు నేర్పిస్తారు?

అందుకే టీచర్లకు నా మనవి. రంగులు మానిపించకండి. పటం ఇచ్చేటప్పుడు దానితోపాటు ఒక ప్రశ్న కూడా ఇవ్వండి. మూడు, నాలుగు రంగులు దాటొద్దని చెప్పండి. పటం కింద 'ఈ రంగు ఇక్కడ ఎందుకు వేశాను' అని రెండు వాక్యాలు రాయించి, మార్కులు ఆ రెండు వాక్యాలకే వేయండి. అమ్మానాన్నలకు ఒక మనవి. మా నోటు చూసి "బాగుంది" అనండి, సంతోషమే. ఆ తర్వాత మా తమ్ముడిలాగా ఒక్క ప్రశ్న అడగండి: "మన ఊరు ఇందులో ఏ రంగులో ఉంది, ఎందుకు?"

ఆ నేలల పటం ఇంకా నా దగ్గర ఉంది. నక్షత్రం కూడా ఉంది. మొన్న దాని కింద ఖాళీలో రెండు వాక్యాలు రాసినాను, ఒకటి దక్కన్ లావా గురించి, ఇంకొకటి మన ఎర్రనేలలోని ఇనుము గురించి. ఆ వాక్యాలకు ఎవరూ మార్కు వేయలేదు. తమ్ముడు మాత్రం చదివి, "ఇనుము తుప్పు పట్టినట్టు మట్టి కూడా పడుతుందా అక్కా?" అని ఇంకో ప్రశ్న వేసినాడు.